ట్రాఫిక్ చూడ్డానికి పాత హబ్ వెతకొద్దు: కర్నూలు ఆఫీసుల అవసరాలకు టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ స్విచ్ సమీక్ష

కర్నూలులో కంప్యూటర్ షాపుకెళ్లి "అన్నా, ఎనిమిది పోర్టుల హబ్ ఒకటి ఇయ్యి" అని అడిగితే చేతిలో పెట్టేది స్విచ్. షాపతని తప్పేం లేదు. ఇక్కడ ల్యాన్ వైర్లు గుచ్చే డబ్బా ఏదైనా హబ్బే, స్విచ్ అంటే గోడమీది లైటు స్విచ్చే గుర్తొస్తుంది. బిల్లింగ్ కంప్యూటర్నీ ప్రింటర్నీ కలపడానికైతే పేరేదైనా పని జరిగిపోతుంది. "నెట్ ఎవరు లాగేస్తున్నారో చూడాలి", "కెమెరాల డబ్బా రాత్రిళ్లు బయటికి ఏం పంపుతోందో తెలియాలి" అన్నప్పుడు మాత్రం ఈ తేడా తెలియక డబ్బూ, రెండు మూడు రోజుల సమయమూ పోతాయి. ఆ పనికి పనికొచ్చే చిన్న స్విచ్ టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ. ఎనిమిది గిగాబిట్ పోర్టులు, ఇనుప డబ్బా, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. దీని బలమేంటో తెలియాలంటే ముందు హబ్ ఏం చేస్తుంది, మామూలు స్విచ్ ఏం చేస్తుంది అన్నది చూడాలి.

హబ్‌కి ఎవరు ఎక్కడున్నారో తెలియదు. ఒక పోర్టులో వచ్చిన సిగ్నల్‌ని బలపరిచి మిగతా పోర్టులన్నిటికీ వదిలేస్తుంది. బస్టాండు మైకులో "ఆదోని బస్సు మూడో ప్లాట్‌ఫారం" అంటే నంద్యాల వెళ్లేవాళ్లకీ వినిపించినట్టే. నాలుగో పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టి వైర్‌షార్క్ (వైరులో వచ్చే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లని, పట్టి చూపే సాఫ్ట్‌వేర్; అలా పట్టడమే క్యాప్చర్) తెరిస్తే ఒకటో పోర్టు, రెండో పోర్టు మాట్లాడుకునేదంతా కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో "హబ్ పెట్టి ట్రాఫిక్ చూడండి" అని ఉండేది అందుకే.

స్విచ్ దారి వేరు. ఏ పోర్టు వెనక ఏ మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే నంబరు) ఉందో, వచ్చిన ప్యాకెట్ల పంపినవాడి అడ్రస్ చూసి పట్టిక రాసుకుంటుంది. తర్వాత ఆ అడ్రస్‌కి వచ్చిన ప్యాకెట్ ఆ ఒక్క పోర్టుకే పోతుంది. కాబట్టి మామూలు స్విచ్‌లో ల్యాప్‌టాప్ గుచ్చి క్యాప్చర్ మొదలెడితే కనిపించేవి మూడు రకాలే: తన సొంత ట్రాఫిక్; అందరికీ పంపే బ్రాడ్‌కాస్టులు, అంటే ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని అడగడం), డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ అడిగి తీసుకోవడం) లాంటివి; కొంత మల్టీకాస్ట్ (ఒక గుంపుకి పంపేది). పది నిమిషాలు చూసి "ఆఫీసులో ఎవరూ నెట్ వాడట్లేదు, మరి స్లో ఎందుకు?" అని తలపట్టుకోవడం ఇక్కడే మొదలవుతుంది. చాలామంది వైర్‌షార్క్‌లో ప్రామిస్క్యువస్ మోడ్ టిక్కు పెట్టి, అన్నీ వచ్చేస్తాయని చూస్తుంటారు. ఆ టిక్కు చేసేది ఒక్కటే: తన పేరుతో లేని ప్యాకెట్ వచ్చినా పారేయకుండా తీసుకో అని నెట్‌వర్క్ కార్డుకి చెప్పడం. స్విచ్ అసలు ఈ వైరులోకి పంపని ప్యాకెట్‌ని ఏ టిక్కూ తీసుకురాలేదు.

అప్పుడప్పుడు పక్కవాళ్ల ప్యాకెట్లు ఒకటీ రెండూ కనిపిస్తాయి. పట్టికలో అడ్రస్ ఇంకా ఎక్కనప్పుడు, లేదా చాలాసేపు మాట్లాడక పట్టికలోంచి పోయినప్పుడు (చాలా స్విచ్‌లలో ఈ గడువు 300 సెకన్లు) స్విచ్ కూడా హబ్ లాగే అన్ని పోర్టులకీ వదులుతుంది. ఆ చినుకుల్ని చూసి వానెంతో లెక్క కట్టొద్దు.

ఇక పాత హబ్ సంగతి. సెకండ్ హ్యాండ్ సామాన్లలో వెతికి ఒకటి పట్టుకుంటే చాలు, చవగ్గా అయిపోతుంది కదా అనే వాళ్లు ఇంకా ఉన్నారు. వద్దనే చెప్తాం, కారణాలివి. హబ్ హాఫ్ డూప్లెక్స్: ఒకరు పంపేటప్పుడు మిగతావాళ్లు ఆగాలి, ఇద్దరు ఒకేసారి పంపితే కొలిజన్, ఇద్దరూ మళ్లీ పంపుకోవాలి. అన్ని పోర్టులకీ కలిపి ఉన్నది సెకనుకి 10 లేదా 100 మెగాబిట్లే. గిగాబిట్ హబ్‌కి ప్రమాణంలో చోటిచ్చారు గానీ బజారులో స్విచ్‌లే వచ్చాయి. 16 కెమెరాలు ఒక్కోటి 4 మెగాబిట్లు పంపితేనే 64 మెగాబిట్లు. ఆ దారిలో హబ్ పెడితే చూద్దామనుకున్న ట్రాఫిక్‌నే హబ్ నొక్కేస్తుంది, కెమెరా బొమ్మలు ముక్కలవుతాయి. అప్పుడు మీరు కొలిచేది జబ్బుని కాదు, మందు పుట్టించిన జబ్బుని. పైగా రౌటర్ వైపు పోర్టుని ఎవరైనా చేత్తో ఫుల్ డూప్లెక్స్‌కి (ఒకేసారి పంపుతూ తీసుకునే పద్ధతికి) బిగించి ఉంటే, హబ్ వైపు హాఫ్, అటు ఫుల్ అయి లేట్ కొలిజన్లూ (ఆలస్యంగా జరిగే గుద్దుకోవడాలు), సీఆర్‌సీ ఎర్రర్లూ (వచ్చిన ప్యాకెట్ చెడిందని తేలడం) మొదలవుతాయి. పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) బాగానే పోతుంది, పెద్ద ఫైలు మాత్రం కదలదు.

ఇంకో మోసం 10/100 అని రాసున్న హబ్‌లది. వాటి లోపల 10 మెగాబిట్ల భాగం ఒకటి, 100 మెగాబిట్ల భాగం ఒకటి, రెండిటి మధ్య చిన్న స్విచ్ ఉంటుంది. ల్యాప్‌టాప్ 100 మీద, పాత బయోమెట్రిక్ మెషిన్ 10 మీద కలిస్తే, 10 వైపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది ల్యాప్‌టాప్‌కి రాదు. డబ్బా మీద హబ్ అని అచ్చేసి లోపల స్విచ్ పెట్టినవీ బోలెడు. తేల్చుకోవడం తేలికే: రెండు కంప్యూటర్ల మధ్య పింగ్ నడిపించి, మూడో పోర్టులో వైర్‌షార్క్ పెట్టండి. పింగ్ వరసగా కనిపిస్తే హబ్, మొదట ఏఆర్‌పీ ఒక్కటి కనిపించి నిశ్శబ్దమైతే స్విచ్. వైర్ల నెట్‌వర్క్‌కి ప్రమాణమైన ఐఈఈఈ 802.3లో కూడా 100 మెగాబిట్ల రిపీటర్‌ని, అంటే హబ్‌ని, కొత్తగా పెట్టొద్దనే రాశారు, 2011 సెప్టెంబరు తర్వాత ఆ భాగాన్ని సవరించడమే మానేశారు.

మరి 108ఈ ఏం చేస్తుందంటే, స్విచ్ లాగే నడుస్తూ, మీరు చెప్పిన పోర్టు ట్రాఫిక్‌ని ఇంకో పోర్టుకి నకలు తీసి పంపుతుంది. దాన్నే పోర్ట్ మిర్రరింగ్ అంటారు, సిస్కో వాళ్ల స్విచ్‌లలో స్పాన్ అంటారు. అసలు ట్రాఫిక్ ఫుల్ డూప్లెక్స్‌లో తన వేగంతో తను పోతుంది, నకలు మాత్రం ల్యాప్‌టాప్‌కి వస్తుంది.

బిగించే పద్ధతి చెప్తాం, ఎందుకంటే చోటు తప్పు పెడితే ఈ స్విచ్ ఏమీ చూపించదు. రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి వైరు స్విచ్ ఒకటో పోర్టుకి. రెండో పోర్టు నుంచి ఆఫీసు పెద్ద స్విచ్‌కి. ఎనిమిదో పోర్టులో ల్యాప్‌టాప్. డీహెచ్‌సీపీ ఇచ్చే రౌటర్ ఉంటే స్విచ్ దాని దగ్గరే ఐపీ తీసుకుంటుంది, రౌటర్ క్లయింట్ల లిస్టులో వెతకండి. లేకుంటే 192.168.0.1 మీద ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి 192.168.0.10 లాంటిది చేత్తో ఇచ్చి బ్రౌజర్‌లో తెరవాలి. ఆఫీసు రౌటర్ కూడా 192.168.0.1 మీదే ఉంటే ముందు స్విచ్‌ని విడిగా ల్యాప్‌టాప్‌కి కలిపి, అడ్రస్ మార్చి, ఆ తర్వాతే నెట్‌వర్క్‌లో పెట్టండి. పాత ఫర్మ్‌వేర్‌లో (స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) యూజరూ పాస్‌వర్డూ రెండూ అడ్మిన్ అనే పదమే, మొదటి పనిగా మార్చేయాలి.

లోపల మానిటరింగ్ మెనూలో పోర్ట్ మిర్రర్ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, మిర్రరింగ్ పోర్టుగా (నకలు అందుకునేది) 8 పెట్టి అప్లై. కింద మిర్రర్డ్ పోర్టుగా (నకలు తీయాల్సినది) 1 ఎంచి, ఇన్‌గ్రెస్ (ఆ పోర్టులోంచి స్విచ్‌లోకి వచ్చేది), ఎగ్రెస్ (ఆ పోర్టు గుండా బయటికి పోయేది) రెండూ ఎనేబుల్ చేసి మళ్లీ అప్లై. ఇక్కడ ఆగిపోయేవాళ్లే ఎక్కువ. సేవ్ కాన్ఫిగ్ అని వేరే ఉంటుంది, అది నొక్కకపోతే కరెంటు పోయొచ్చేసరికి మిర్రర్ ఎగిరిపోతుంది. వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

తర్వాత పరీక్ష. ఆఫీసులో ఏదో ఒక విండోస్ కంప్యూటర్ నుంచి రౌటర్‌కి పింగ్ కొట్టండి. విండోస్ నాలుగుసార్లు పంపి ఆపుతుంది. ల్యాప్‌టాప్‌లో ఐసీఎంపీ (పింగ్ వాడే పద్ధతి పేరు) అని ఫిల్టర్ పెడితే సరిగ్గా ఎనిమిది వరసలు రావాలి: నాలుగు రిక్వెస్టులు, నాలుగు రిప్లైలు. రిప్లైలు నాలుగే వచ్చాయంటే ఇన్‌గ్రెస్ ఒక్కటే టిక్కయింది (ఒకటో పోర్టులోకి వచ్చేది రౌటర్ జవాబే కదా). రిక్వెస్టులు నాలుగే వస్తే ఎగ్రెస్ ఒక్కటే ఉన్నట్టు. పదహారు వస్తే ఒకటో పోర్టుతో పాటు రెండోదాన్ని కూడా మిర్రర్‌లో పెట్టారు, ఒకే ప్యాకెట్ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి నకలవుతోంది. ఇలా ఉంటే ఎవరు ఎంత వాడారన్న లెక్క రెట్టింపు చూపిస్తుంది. ఏమీ రాకపోతే వైరు మార్చి చూడండి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించండి.

వైర్ల దగ్గర ఒక మాట. ఇక్కడ చాలా ఆఫీసుల్లో ఒకే కేబుల్‌ని చీల్చి రెండు కనెక్షన్లు లాగడం, లేదా 1, 2, 3, 6 పిన్నులు మాత్రమే క్రింప్ చేయడం మామూలు. నాలుగు తీగలతో 100 మెగాబిట్లే వస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. రౌటర్ పోర్టు గిగాబిట్‌లో, ల్యాప్‌టాప్ పోర్టు 100లో ఉంటే, ట్రాఫిక్ 100 దాటినప్పుడు నకలులో మిగతాది స్విచ్ దగ్గరే రాలిపోతుంది, రాలిపోయిందని ఎక్కడా చెప్పదు. ఈ స్విచ్‌లోనే కేబుల్ టెస్ట్ ఉంది, తెగిన తీగ సుమారు ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చూపిస్తుంది. ఈ ధరలో అది నిజంగా పనికొచ్చే సౌకర్యం. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు లేక యూఎస్‌బీ అడాప్టర్ కొనేటట్టయితే యూఎస్‌బీ 3.0 గిగాబిట్‌ది తీసుకోండి. చవక 2.0 అడాప్టర్లయితే ట్రాఫిక్ ఎక్కువైనప్పుడు ప్యాకెట్లు అక్కడే పోతాయి.

అసలు పరిమితి మిర్రరింగ్‌లోనే ఉంది, ఏ కంపెనీ స్విచ్ అయినా ఇది తప్పదు. గిగాబిట్ ఫుల్ డూప్లెక్స్ పోర్టులో అటు 1000, ఇటు 1000, కలిపి 2000 మెగాబిట్లు పోవచ్చు. నకలు పోయే పోర్టులో ల్యాప్‌టాప్ వైపు దారి 1000 మాత్రమే. స్విచ్ బఫర్ (ప్యాకెట్లు కాసేపు ఆగే జాగా) 1.5 మెగాబిట్లు, అంటే రెండు వైపులా నిండుగా పారుతుంటే మిల్లీసెకన్ల లెక్కలో నిండిపోతుంది. 100 మెగాబిట్ల ఇంటర్నెట్ ప్లాన్‌కి ఇదేం సమస్య కాదు, రెండు వైపులా కలిపినా 200. రాత్రి సర్వర్ బ్యాకప్ నడిచేటప్పుడు సర్వర్ పోర్టుని మిర్రర్ చేస్తే కొన్ని ప్యాకెట్లు రాలడం ఖాయం. గుర్తు పట్టే విధానం: వైర్‌షార్క్‌లో "ఏక్డ్ అన్‌సీన్ సెగ్మెంట్" అని వరసగా వస్తుంటే, అవతలివాడు అందిందని చెప్పిన ప్యాకెట్ మీ క్యాప్చర్‌లో లేదని అర్థం. నెట్‌వర్క్‌లో లోపం ఉందని ఎవరినీ నిలదీయకముందు ఇది చూసుకోవాలి. అలాగే సీఆర్‌సీ చెడిన ఫ్రేముల్ని స్విచ్ ముందే పారేస్తుంది, అవి నకలులోకి రావు. హబ్ అయితే చెడినవాటిని కూడా ముందుకు తోస్తుంది, కానీ మామూలు నెట్‌వర్క్ కార్డు వాటిని పారేస్తుంది కాబట్టి అక్కడా పెద్దగా మిగిలేదేం లేదు. చెడిన ఫ్రేముల లెక్క కావాలంటే ఇదే స్విచ్‌లో పోర్ట్ స్టాటిస్టిక్స్ తెరవండి. మంచి ప్యాకెట్లు, చెడు ప్యాకెట్లు పోర్టుల వారీగా ఉంటాయి. అందులో ప్యాకెట్ల సంఖ్యే ఉంటుంది, బైట్లు ఉండవు, ఎవరు ఎక్కువ వాడారన్నది దాంతో తేలదు.

చోటు గురించి ఇంకా ఉంది. ఇప్పుడు ఎక్కువ ఆఫీసుల్లో ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాలోనే రౌటరూ వైఫై రెండూ ఉంటున్నాయి. పైన చెప్పినట్టు స్విచ్ పెడితే వైర్లలో వచ్చే కంప్యూటర్ల ట్రాఫిక్ వస్తుంది, వైఫైలో ఉన్న ఫోన్లు నేరుగా డబ్బాలోంచి బయటికి పోతాయి, మిర్రర్‌కి ఒక్క ప్యాకెట్ తగలదు. నెట్ లాగేది తరచూ ఆ ఫోన్లే. అప్పుడు డబ్బా వైఫై ఆపేసి, విడిగా ఒక యాక్సెస్ పాయింట్ కొని ఈ స్విచ్ మూడో పోర్టులో పెట్టాలి. ఆ యాక్సెస్ పాయింట్ బ్రిడ్జ్ మోడ్‌లో (అడ్రస్‌లు మార్చకుండా దాటించే పద్ధతిలో) ఉండాలి, రౌటర్ మోడ్‌లో ఉంటే ఫోన్లన్నీ ఒకే ఐపీగా కనిపిస్తాయి. అదే కారణంతో స్విచ్‌ని రౌటర్‌కి అవతల, అంటే ఫైబర్ వైపు పెట్టొద్దు. అక్కడ న్యాట్ (అందరి ఐపీలనీ ఒకే ఐపీగా మార్చడం) అయిపోయాక అందరూ ఒక్కరే.

ఇంకో హద్దు: పెద్ద స్విచ్ మీదే ఉన్న రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేది రౌటర్ దాకా రాదు కాబట్టి ఒకటో పోర్టు మిర్రర్‌లో కనిపించదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్‌తో మాట్లాడేది చూడాలంటే సర్వర్ వైరుని తీసి ఈ స్విచ్‌లోకి మార్చి ఆ పోర్టుని మిర్రర్ చేయాలి. బేతంచెర్లలో రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలోనో, ఆదోని జిన్నింగ్ మిల్లులోనో కెమెరాల రికార్డర్‌ని చూడాలన్నా ఇంతే. రికార్డర్ వైరు ఈ స్విచ్‌కి రావాలి.

క్యాప్చర్ సైజు లెక్క వేసుకోకుండా రాత్రంతా నడిపితే డిస్కు నిండుతుంది. 100 మెగాబిట్లు నిండుగా పారితే నిమిషానికి 750 మెగాబైట్లు. వైర్‌షార్క్ క్యాప్చర్ ఆప్షన్లలో ఒక్కో ఫైలు 100 మెగాబైట్లు, 20 ఫైళ్ల రింగ్ బఫర్ పెట్టండి, పాతవి వాటంతటవే తుడుచుకుంటాయి. ఎవరు ఎంత వాడారో తేలడానికి ప్యాకెట్ మొత్తం అక్కర్లేదు, మొదటి 128 బైట్లు చాలు, సైజు చాలా తగ్గుతుంది. ఏ సైట్లో తెలుసుకోవాలంటే మాత్రం పూర్తిగా ఉంచాలి, ఆ పేర్లు చాలావరకు 128 బైట్ల అవతల ఉంటాయి. తర్వాత స్టాటిస్టిక్స్‌లో ఎండ్‌పాయింట్స్ తెరిచి బైట్ల వరసలో పేర్చితే ఎక్కువ వాడిన ఐపీ పైకొస్తుంది. ఇంకా లోతుగా, సైట్ల లోపల ఏం చూశారో అది చూపదు. హెచ్‌టీటీపీఎస్‌లో విషయం గుప్తం. డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరుకి ఐపీ వెతకడం) అడిగిన పేరు, టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ గుప్తంగా ఉంచే పద్ధతి) మొదటి పలకరింపులో సైట్ పేరు, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత సైజు అన్నవే తెలుస్తాయి. వాళ్ల బ్రౌజర్ డీఎన్‌ఎస్‌ని కూడా గుప్తంగా పంపితే ఒక ఆధారం తగ్గుతుంది. మనం వెతికే సమస్యకి చాలాసార్లు ఇంతే చాలు.

క్యాప్చర్ చేసే ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో ఐపీవీ4, ఐపీవీ6 టిక్కులు తీసేయండి. లేకపోతే ల్యాప్‌టాప్ తన కబుర్లు తనే కలిపేస్తుంది. స్విచ్ పేజీ తెరవడానికి వైఫై వాడుకోండి.

లోపాలు. లాగిన్ పేజీ మామూలు హెచ్‌టీటీపీ, పాస్‌వర్డు వైరులో బట్టబయలుగా పోతుంది, కాబట్టి ఇంకెక్కడా వాడని పాస్‌వర్డు పెట్టండి. ఎస్‌ఎన్‌ఎంపీ లేదు, అంటే గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్‌కి దీన్ని కలపలేరు. కమాండ్ లైన్ లేదు. వాడే ఉష్ణోగ్రత సున్నా నుంచి 40 డిగ్రీల దాకా అని కంపెనీ లెక్క. కర్నూలు మే నెలలో గాలే 40 దాటుతుంది. రికార్డర్ పైన, తలుపు మూసిన చెక్క పెట్టెలో పెడితే ఏప్రిల్లోనే హద్దు దాటినట్టు. రికార్డర్‌కి దూరంగా, గోడకి బిగించి, పైన ఏమీ పెట్టకుండా ఉంచాలి. రాళ్ల దుమ్ము, దూది ధూళి ఉండేచోట నెలకోసారి పొడి బ్రష్‌తో తుడవాలి, ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టాలి.

నేనే రౌటర్‌ని అని మిగతా కంప్యూటర్లని నమ్మించే ఏఆర్‌పీ స్పూఫింగ్ సాఫ్ట్‌వేర్‌తో మామూలు స్విచ్ మీదే అందరి ట్రాఫిక్ లాగొచ్చని కొందరు కుర్రాళ్లు చూపిస్తుంటారు. అలా చేస్తే ఆఫీసు నెట్ మొత్తం ఒక ల్యాప్‌టాప్ గుండా పోవాలి, ఆ ల్యాప్‌టాప్ మూత వేస్తే అందరికీ నెట్ ఆగుతుంది. నడిచే ఆఫీసులో అది చేయనివ్వొద్దు. ఎవరి నెట్‌వర్కో వాళ్ల అనుమతి లేకుండా డేటా తీయడం ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కిందకి వస్తుంది, దురుద్దేశం ఉంటే సెక్షన్ 66లో మూడేళ్ల దాకా జైలు ఉంది. యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, సిబ్బందికి ముందే చెప్పి మొదలెట్టండి. పని అయ్యాక మిర్రర్ డిసేబుల్ చేసి సేవ్ కొట్టండి. ఎనిమిదో పోర్టు అలా తెరిచి వదిలేస్తే, రేపు అందులో వైరు గుచ్చినవాడికి ఆఫీసంతా కనిపిస్తుంది.

మైక్రోటిక్ కంపెనీ రౌటర్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ స్విచ్ కొనక్కర్లేదు. అందులోనే ప్యాకెట్ స్నిఫర్, టార్చ్ అనే ట్రాఫిక్ చూపే టూల్స్ ఉన్నాయి, ఇంటర్నెట్ వైపు ఎవరెంత వాడుతున్నారో వాటితోనే చూడొచ్చు. పెద్ద స్విచ్ మేనేజ్డ్ (లాగిన్ పేజీ తెరిచి సెట్టింగులు మార్చగలిగే) రకమైతే అందులోనూ మిర్రర్ ఉంటుంది, ముందు దాని మెనూ చూడండి. రౌటర్, పెద్ద స్విచ్, సర్వర్, ల్యాప్‌టాప్ మాత్రమే కలపాలంటే ఐదు పోర్టుల 105ఈ సరిపోతుంది.

కొనేటప్పుడు మోడల్ నంబరు చివర "ఈ" అక్షరం ఉందో లేదో అట్టపెట్టె మీద మీ కళ్లతో చూసుకోండి. టీఎల్-ఎస్‌జీ108 అని ఈ లేకుండా ఇంకోటి ఉంది, అదే ఎనిమిది పోర్టుల ఇనుప డబ్బా. అందులో లాగిన్ పేజీ లేదు, మిర్రర్ లేదు. "రెండూ ఒకటే సార్, ఇది తక్కువకొస్తుంది" అన్నారంటే పక్క షాపుకెళ్లండి.